నీటికీ విద్యుత్తుకూ నడుమ చిటికెడు లోహం

(సంఘ వార్షిక సభలో విద్యార్థులు, తల్లిదండ్రుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో సైన్సు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ఏ విషయం ఎన్నుకోవాలా అని మేము పెద్దగా ఆలోచించవలసిన పని లేకపోయింది. మా వద్ద ఒక బాకీ ఉన్నది. గత ఏడాది స్కాలర్‌షిప్పులు పంచిన రోజున ఒక తండ్రి మమ్మల్ని ప్రక్కకు పిలిచారు. ఆయన స్కూటర్ మెకానిక్. “సార్, మా బిడ్డ బి.యస్సీ. కెమిస్ట్రీలో చేరుతానంటున్నది. ఇంజనీరింగు కాదు, డాక్టరీ కాదు. ఆ కెమిస్ట్రీ చదివి ఏం చేస్తది సార్? కడుపు కట్టుకుని చదివించేటోళ్లం, జర చెప్పండి” అన్నారు. ముప్ఫై ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మాకు ఆ క్షణాన సరైన జవాబు దొరకలేదు. “చదువు ఎక్కడికీ పోదు బాబాయ్” అని ఏదో అనేసి తప్పుకున్నాము. ఆ జవాబు మాకే నచ్చలేదు. ఈ రోజు ఆ బాకీ తీర్చుకుందామని వచ్చాము.

ముందుగా ఒక చిన్న ప్రయోగం చూశారు గదా. ఆ బిడ్డే వేదిక మీదకు వచ్చి చేసి చూపించింది. సభకు రాలేకపోయినవారి కోసం మళ్లీ చెబుతాము. ఒక గాజు గ్లాసులో నీళ్లు, అందులో ఒక చెంచా వంటసోడా. రెండు వైపులా చెక్కిన పెన్సిళ్లు రెండు, ఒకదానికొకటి తగలకుండా అట్టముక్కకు గుచ్చి నీటిలో ముంచాము. పైకి ఉన్న మొనలకు తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ తగిలించాము. క్షణంలో రెండు మొనల చుట్టూ బుడగలు పట్టాయి. ఒక వైపు హైడ్రోజన్, ఇంకొక వైపు ఆక్సిజన్. నీరు విడిపోతున్నది. ఇది పిల్లలు స్కూలు పుస్తకంలో చదువుకున్నదే. (ఇంట్లో చేసే పిల్లలకు ఒక హెచ్చరిక: వంటసోడాకు బదులు ఉప్పు వేయకండి, క్లోరిన్ అనే విషవాయువు వస్తుంది. గాలి ఆడే చోట, పెద్దవాళ్లను దగ్గర పెట్టుకుని చేయండి.)

అసలు వింత ఆ తరువాత. బ్యాటరీ తీసేసి, దాని చోట వాళ్ల నాన్న షాపు నుంచి తెచ్చిన మీటరు తగిలించింది. బ్యాటరీ లేదు, అయినా ముల్లు లేచింది! కొద్ది సెకన్లు నిలిచి, మెల్లమెల్లగా క్రిందికి దిగింది. పెన్సిలు మొనలను అంటుకుని ఉన్న హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలు మళ్లీ నీరుగా మారుతూ, పోయేటప్పుడు మనకు కాస్త కరెంటు ఇచ్చి పోయాయన్నమాట. మీరు చూసిన ఆ కొద్ది సెకన్ల పనినే గంటల తరబడి, సంవత్సరాల తరబడి చేయించే యంత్రానికి ఫ్యూయల్ సెల్ అని పేరు. తెలుగులో ఇంధన ఘటం అనవచ్చు. పొగ లేదు, మంట లేదు, చప్పుడు లేదు. బయటకు వచ్చేది నీరు.

మరి ఇంత మంచిది ఇన్నాళ్లుగా మన వీధిలోకి ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నకు జవాబే మన నేటి కథ. ముల్లు ఎందుకు లేచింది అన్నది సులభం. ఎందుకు అంత త్వరగా దిగిపోయింది అన్నదే కష్టం. ఎన్నో దేశాల కెమిస్టులు జన్మలు ధారపోసింది ఆ రెండో ప్రశ్న మీదనే.

ఈ సంగతి మొదట గమనించినవారిలో ముఖ్యుడు విలియం గ్రోవ్ అనే ఆయన. వేల్స్ దేశస్థుడు, వృత్తికి వకీలు, తరువాత జడ్జీ కూడా అయ్యాడు. 1839లో మొదటిసారి చూసి, 1842 నాటికి ‘గ్యాస్ బ్యాటరీ’ పేరుతో ఒక పరికరం తయారుచేశాడు. ఆయన వాడింది పెన్సిళ్లు కాదు, ప్లాటినం రేకులు. ప్లాటినం అయితేనే పని బాగా జరిగేది. ఇంకొక మాట కూడా గ్రహించాడు: వాయువు, ద్రవం, లోహం మూడూ ఒకచోట కలిసే గీత దగ్గరనే అసలు పని జరుగుతుంది. ఆ గీత ఎంత పొడవుంటే అంత కరెంటు. నేటికీ ఫ్యూయల్ సెల్ చేసేవారి తాపత్రయం ఆ గీతను పెంచుకోవడమే.

ప్లాటినం ఎందుకు? దానిలో ఏముంది? ప్లాటినం ఖర్చు కాదు, కరగదు, కాలదు. అది ఉంటే రసాయన చర్య వేగంగా సాగుతుంది, లేకుంటే నత్తనడక. ఇటువంటి పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటాము. విద్యుత్తుతో ముడిపడిన చర్యలలో పనిచేసేది విద్యుత్ ఉత్ప్రేరకం. మన భాషలో చెప్పాలంటే పెళ్లి సంబంధాలు కుదిర్చే పెద్దమనిషి. అటువారినీ ఇటువారినీ ఒకచోట కూర్చోబెడతాడు, మాట కలుపుతాడు, నికాహ్ అయ్యాక మరో ఇంటికి వెళ్లిపోతాడు. ఆయన పెళ్లికొడుకూ కాదు, పెళ్లికూతురూ కాదు. కాని ఆయన లేకుంటే సంబంధం ఏళ్ల తరబడి తేలదు.

ఈ పెద్దమనుషుల్లో రకాలున్నారని మీకు తెలియనిది కాదు. కొందరు రెండు వర్గాలనూ దగ్గరకే తీయరు. కొందరు దగ్గరకు తీసి, పెళ్లయినా ఆ ఇల్లు వదిలిపెట్టరు. ఇద్దరి వల్లా పని జరగదు. లోహాలూ అంతే. బంగారం ఆక్సిజన్‌ను పట్టుకోనే పట్టుకోదు. కొన్ని లోహాలు పట్టుకుంటే వదలవు. తగినంత పట్టుకుని, వేళకు వదిలేదే మంచి ఉత్ప్రేరకం. 1912లో నోబెల్ బహుమతి పొందిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ సబాటియే చెప్పిన సూత్రం సారాంశం ఇదే. ప్లాటినం ఆ మధ్యేమార్గానికి చాలా దగ్గరగా ఉన్నది.

చాలా దగ్గర అన్నాము, సరిగ్గా అక్కడే అనలేదు. హైడ్రోజన్ వైపు పని ప్లాటినానికి మంచినీళ్లు త్రాగినంత సులభం. కష్టమంతా ఆక్సిజన్ వైపు. ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులు జంటబంధంతో గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. వాటిని విడదీసి, నాలుగు ఎలక్ట్రాన్లు, నాలుగు ప్రోటాన్లు ఒకదాని వెనుక ఒకటి అందిస్తే గాని రెండు నీటి అణువులు తయారు కావు. మేము ముప్ఫై ఏళ్లు ఈ సమీకరణాన్ని బోర్డు మీద ఒకే వరుసలో రాసి, డస్టరుతో తుడిపేశాము. ఆ ఒక్క వరుసలో ఇన్ని మెట్లున్నాయని, ప్రతి మెట్టు దగ్గరా నష్టం ఉన్నదని పిల్లలకు చెప్పవలసినంత చెప్పలేదు. లెక్క ప్రకారం ఒక ఫ్యూయల్ సెల్ 1.23 వోల్టులు ఇవ్వాలి. పనిలో పెడితే సుమారు 0.7 వోల్టులు వస్తుంది. వంద రూపాయల కూలికి యాభై ఏడు రూపాయలు చేతికి వచ్చినట్లు. పోయిన దానిలో పెద్ద వాటా ఆక్సిజన్ వైపు ఉత్ప్రేరకం దగ్గరే పోతున్నది.

ఇక ఆ పెద్దమనిషికి ఇచ్చుకోవలసిన కానుక సంగతి. ప్రపంచమంతటా గనుల నుంచి ఏటా తీసే ప్లాటినం రెండు వందల టన్నులు కూడా ఉండదు. బంగారమే మూడు వేల టన్నులు దాటుతుంది. ఆ ప్లాటినంలో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క దక్షిణాఫ్రికా నుంచే వస్తుంది. ఇటువంటి లోహం మీద నడిచే దీపం ఎవరింట్లో వెలుగుతుంది? ఉన్నవాడింట్లో. అందుకే ప్లాటినాన్ని తగ్గించడం, వీలైతే తప్పించడం అన్నది కేవలం లాబొరేటరీ సరదా కాదు. శుభ్రమైన విద్యుత్తు ఎవరి గుమ్మం దాకా వస్తుంది అన్నది దాని మీద ఆధారపడి ఉన్నది.

ఈ పని నెత్తిన వేసుకున్నవారిలో ఒకాయన కథ వినదగ్గది. ఫ్రాన్సిస్ థామస్ బేకన్ అని ఇంగ్లీషు ఇంజనీరు. 1904లో పుట్టాడు. టర్బైన్లు తయారుచేసే ఒక కంపెనీలో ఉద్యోగం. 1932లో ఒక పత్రికలో హైడ్రోజన్ గురించి చదివి, దానిని మంట పెట్టకుండా విద్యుత్తుగా మార్చవచ్చు గదా అని పట్టుకున్నాడు. కంపెనీవారికి చెబితే ఆసక్తి చూపలేదు. ఆవరణలోనే చాటుగా ప్రయోగాలు మొదలుపెట్టాడు. అది బయటపడింది. ఇదో అదో తేల్చుకోమన్నారు. 1940లో ఆయన ఉద్యోగం వదులుకున్నాడు.

బేకన్ చేసిన తెగింపు ఏమంటే, ప్లాటినం మానేసి నికెల్ పట్టుకున్నాడు. పోగులుగా దొరికే చవక లోహం. ఆమ్లంలో నికెల్ కరిగిపోతుంది. కనుక ఆమ్లం తీసేసి పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం పెట్టాడు. మామూలు వేడిలో నికెల్ మందకొడి. కనుక దాదాపు 200 డిగ్రీల దాకా వేడి చేశాడు. అంత వేడిలో నీరు ఆవిరవుతుంది. కనుక లోపల ఒత్తిడి పెంచాడు. ఆక్సిజన్ వైపు నికెల్ తినివేయబడుతున్నది. కనుక దానికి లిథియం పట్టించి రక్షణ ఇచ్చాడు. చూశారా, ఒక ఖరీదైన లోహాన్ని తప్పించబోతే ఎన్ని చిక్కులు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయో! ఒక్కొక్క ముడి విప్పుకుంటూ, మధ్యలో ప్రపంచ యుద్ధం పనులు, డబ్బు కటకట దాటుకుంటూ, 1959లో కేంబ్రిడ్జిలో సుమారు 5 కిలోవాట్ల యంత్రాన్ని నలుగురి ముందు నడిపి చూపించాడు. దానితో వెల్డింగు చేసి చూపారు. 1932 నుంచి 1959 దాకా ఇరవై ఏడు సంవత్సరాలు!

ఆ పేటెంట్లను అమెరికా కంపెనీ తీసుకుని మార్పులు చేసి చంద్రుని మీదకు వెళ్లిన అపోలో నౌకలలో పెట్టింది. ఒక్కొక్క నౌకకు మూడు ఫ్యూయల్ సెల్ యంత్రాలు. అవి ఇచ్చిన కరెంటుతో నౌక నడిచింది, అవి ఇచ్చిన నీటినే వ్యోమగాములు త్రాగారు. 1970 ఏప్రిల్ 13న అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు ఆక్సిజన్ అందక ఈ యంత్రాలు ఆగిపోయాయి. ఒక్క దెబ్బతో వెలుతురుకూ నీటికీ కూడా కరువు వచ్చింది. చంద్రుని మీద దిగడానికి ఉంచిన చిన్న నౌకలోని బ్యాటరీలతో వాళ్లు ప్రాణాలతో తిరిగి వచ్చారు.

మరి చంద్రుని దాకా వెళ్లిన బేకన్ యంత్రం భూమి మీద కార్లలోకి ఎందుకు రాలేదు? మన గాలిలో ఉన్న బొగ్గుపులుసు వాయువు వల్ల. పాన్ మీద రాసే సున్నం తేటలో గొట్టంతో ఊదితే తెల్లగా విరిగిపోతుంది చూడండి, అలాగే ఆ క్షారం కూడా గాలిలోని ఆ వాయువును పీల్చుకుని కార్బొనేటుగా మారి పాడవుతుంది. అంతరిక్షంలో శుద్ధమైన ఆక్సిజన్ ఉన్నది కనుక సరిపోయింది. బజారు గాలితో సరిపోలేదు.

దీనికి ఇంకొక దారి అప్పటికే తెరుచుకుంటున్నది. ద్రవానికి బదులు ప్రోటాన్లను మాత్రమే పోనిచ్చే ప్లాస్టిక్ పొర. 1955లో థామస్ గ్రబ్, ఆ తరువాత 1958లో లెనార్డ్ నీడ్రాక్ అనే ఇద్దరు కెమిస్టులు అమెరికాలో దీనికి రూపం ఇచ్చారు. 1965లో జెమినీ 5 నౌకలో ఈ రకం ఫ్యూయల్ సెల్ అంతరిక్షానికి వెళ్లింది. ఇది గాలితో పనిచేస్తుంది, తక్కువ వేడిలో పనిచేస్తుంది. కాని పొర స్వభావం ఆమ్లం. ఆమ్లం అంటే మళ్లీ నికెల్ పనికిరాదు, మళ్లీ ప్లాటినమే దిక్కు. తిరిగి తిరిగి అదే గుమ్మం ముందుకు వచ్చాము!

అప్పటి నుంచి రెండు రకాల కృషి సాగింది. ఒకటి, ప్లాటినాన్ని పొదుపుగా వాడటం. రెండు, దానిని పూర్తిగా మానటం.

పొదుపు సంగతి మన కళాయి పనివారికి చెప్పనక్కరలేదు. రాగి గిన్నె మొత్తం తగరంతో చేయరు. లోపల సన్నని పూత వేస్తారు. వంటకు తగిలేది ఆ పూతే గదా, లోపలి మందంతో పనేమిటి? ప్లాటినం విషయంలోనూ పని జరిగేది పైపొర మీదనే. లోపల ఉన్న పరమాణువులు ఊరికే కూర్చుని ఉంటాయి. కనుక మొదట ప్లాటినాన్ని కంటికి కనపడనంత సన్నని నలుసులుగా చేసి బొగ్గుపొడి మీద చల్లారు. 1980 దశకంలో లాస్ అలమోస్ లాబొరేటరీవారు ఆ పొడిలోనికి పొర పదార్థాన్ని ద్రవంగా ఇంకించి, గ్రోవ్ చెప్పిన ‘మూడూ కలిసే గీత’ను పెంచారు. దానితో చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాములు కావలసిన ప్లాటినం 0.4 మిల్లీగ్రాములకు దిగింది. పదోవంతు! అమెరికాలోనే బ్రూక్‌హేవెన్ లాబొరేటరీలో రాడోస్లావ్ అజిచ్ బృందం అచ్చంగా కళాయి పనే చేసింది. పల్లేడియం నలుసు మీద ముందు ఒక పరమాణువు మందాన రాగి పొర వేసి, ఆ రాగి స్థానంలో ప్లాటినం వచ్చి కూర్చునేలా చేశారు. పూత మందం ఒకే ఒక పరమాణువు. అయితే లోపలి పల్లేడియం కూడా ఖరీదైనదే అని మరువకూడదు.

పొదుపులో ఇంకొక మెట్టు లోహాలను కలపడం. ప్లాటినం ఆక్సిజన్‌ను కావలసిన దానికంటే కొంచెం గట్టిగా పట్టుకుంటున్నదని 2004లో డెన్మార్కు శాస్త్రవేత్త యెన్స్ నోర్స్‌కోవ్ బృందం కంప్యూటరు లెక్కలతో చూపించింది. అయితే ఆ పట్టు కాస్త సడలించాలి. నికెల్, కోబాల్ట్ వంటివి కలిపితే సడలుతుంది. 2007లో ఆర్గాన్ లాబొరేటరీలో స్టామెంకోవిచ్, మార్కోవిచ్ బృందం మూడు పాళ్ల ప్లాటినం, ఒక పాలు నికెల్ కలిపిన స్ఫటికాన్ని ఒక ప్రత్యేకమైన ముఖం వైపు పరీక్షిస్తే, అదే ముఖం గల శుద్ధ ప్లాటినం కంటే పదిరెట్లు చురుకుగా పనిచేసింది. 2014 చివర జపాన్‌లో అమ్మకానికి వచ్చిన టయోటా మిరాయ్ కారులో ప్లాటినం, కోబాల్ట్ కలిపిన ఉత్ప్రేరకాన్నే వాడారు. లెక్క కాగితం మీద నుంచి, స్ఫటికం మీదుగా, రోడ్డు దాకా వచ్చిందన్నమాట.

ఇక రెండో దారి, పూర్తిగా మానటం. ఇది ఎక్కువ దూరం, ఎక్కువ ముళ్లు. మన ఒంట్లో ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్‌ను మోసుకుపోయేది ఎవరు? రక్తంలోని హిమోగ్లోబిన్. దాని నడుమ ఒక ఇనుప పరమాణువు, చుట్టూ నాలుగు నైట్రోజన్లు. పట్టుకోవలసిన చోట పట్టుకుంటుంది, వదలవలసిన చోట వదులుతుంది. ప్లాటినం అక్కరలేదు! 1964లో రేమండ్ జాసిన్‌స్కీ అనే ఆయన, ఇదే తరహాలో నాలుగు నైట్రోజన్ల నడుమ కోబాల్ట్ కూర్చున్న థాలోసయనిన్ అనే పదార్థం ఆక్సిజన్ మీద పనిచేస్తుందని కనుగొన్నాడు. థాలోసయనిన్ అంటే మరేదో కాదు, నీలిరంగు పెయింట్లలో, ఇంకులలో వాడే రంగుల కుటుంబం. 1989లో క్లీవ్‌లాండ్‌లో ఎర్నెస్ట్ యీగర్ బృందం అంత ఖరీదైన పదార్థం కూడా అక్కరలేదని చూపించింది. ఎక్రిలిక్ స్వెట్టర్ల నూలులో ఉండే పాలీఎక్రిలోనైట్రైల్‌ను ఇనుము లేదా కోబాల్ట్ లవణంతో కలిపి, బొగ్గుపొడి మీద వేసి బాగా కాల్చితే చాలు. 2009లో కెనడాలోని క్విబెక్‌లో దొదెలే బృందం ఇనుముతో చేసిన ఉత్ప్రేరకం ఆరంభంలో ప్లాటినం దరిదాపులకు వచ్చింది. అందరూ ఆనందించారు.

కాని ఆ ఆనందం వంద గంటలు నిలవలేదు. పనిచేస్తూండగానే దాని బలం క్షీణించింది. 2011లో లాస్ అలమోస్‌లో జెలెనే బృందం పాలీఅనిలీన్‌తో చేసినది తక్కువ వోల్టేజి దగ్గర 700 గంటలు నిలిచింది. ఒక కారులో పెట్టాలంటే కనీసం 5000 గంటలు నిలవాలని లక్ష్యం. ఎందుకు నిలవడం లేదంటే, చర్య మధ్యలో కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. అది ఇనుముతో కలిసి చుట్టూ ఉన్న బొగ్గునూ పొరనూ కొరుకుతుంది. ఇనుము ఊడి కొట్టుకుపోతుంది. ఈ మాట చెబుతుంటే ముందు వరుసలో ఉన్న ఆ మెకానిక్ సోదరుడే, “ఇన్నేండ్లు చేసినా ఆ ఇనుము నిలవలేదా సార్?” అన్నారు. నిలవలేదు బాబాయ్. ఉన్నమాట చెప్పుకోవాలి. ఇప్పటికి రోడ్ల మీద తిరుగుతున్న ఫ్యూయల్ సెల్ కార్లు ప్లాటినం మీదనే తిరుగుతున్నాయి. కాని వంద గంటలు ఏడు వందలైన చోట పని ఆగలేదు, సాగుతూనే ఉన్నది.

ఇంతవరకు నాణేనికి ఒక వైపు చూశాము. హైడ్రోజన్ నుంచి కరెంటు. మరి ఆ హైడ్రోజన్ ఎక్కడి నుంచి వస్తుంది? ప్రపంచంలో ఇప్పటికీ చాలా భాగం సహజవాయువు నుంచి, బొగ్గు నుంచి తీస్తున్నారు. అలా తీసిన హైడ్రోజన్ వాడి, పొగ లేదని మురిసిపోతే, పొగను ఇంకొకరి పెరట్లోకి నెట్టినట్లే. సూర్యరశ్మి, గాలి ద్వారా వచ్చే కరెంటుతో నీటిని విడగొట్టి తీస్తేనే అది శుభ్రమైనది. అంటే మా గ్లాసు ప్రయోగంలో మొదటి సగం. అక్కడా ఉత్ప్రేరకమే కీలకం, అక్కడా ఆక్సిజనే మొండి. ఆమ్లపు పొర రకం యంత్రాలలో ఆక్సిజన్ వైపు ఇరిడియం వాడాలి. అది ఏటా ప్రపంచమంతటా కలిపి ఏడెనిమిది టన్నులే దొరుకుతుంది. ఒక లారీ లోడు!

క్షారంలో అయితే ఇక్కడా నికెల్ నెగ్గుకొస్తుంది. ఇది మన దేశానికి కొత్త కాదు. 1960 దశకం ఆరంభంలోనే పంజాబులోని నంగల్‌లో భాక్రా డ్యాం కరెంటుతో నీటిని విడగొట్టి, ఆ హైడ్రోజన్‌తో ఎరువులు తయారుచేశారు. ఈ నికెల్ గురించి ఒక ముచ్చట చెప్పి తీరాలి. నికెల్ ఆక్సైడు ఆక్సిజన్‌ను బాగా విడుదల చేస్తుందని ఏళ్ల తరబడి అందరూ అనుకున్నారు. 1987లో కారిగన్ అనే శాస్త్రవేత్త, క్షారంలో పది లక్షల పాళ్లకు ఒక పాలు మేరకు ఇనుము మలినంగా ఉన్నా ఫలితం మారిపోతున్నదని చూపించాడు. 2014లో అమెరికాలోని ఒరెగాన్‌లో బెట్చర్ బృందం క్షారం నుంచి ఇనుమును పట్టుదలగా తీసేసి చూస్తే, నికెల్ ఒంటరిగా చాలా బలహీనంగా తేలింది. ఇన్నాళ్లూ పని చేయించినది సీసాలో ఎవరూ లెక్కలోకి తీసుకోని ఆ చిటికెడు ఇనుమే! సభలో ఎక్కడో మూల కూర్చుని పని చేసిపోయే కార్యకర్తకు దండ పడదు, వేదిక మీద ఉన్నవాడికి పడుతుంది. ఇదీ అలాంటిదే. ఆ మూలన ఉన్నవాణ్ణి గుర్తించడానికి పెద్ద యంత్రమేమీ అక్కరలేకపోయింది. సీసా శుభ్రంగా కడగాలనే పట్టింపు కావలసి వచ్చింది.

ఇప్పుడు ఇంటి లెక్క వేసుకుందాం. ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి యాభై యూనిట్లకు పైగా కరెంటు పడుతుంది. ఆ కిలోలో ఉండే శక్తి సుమారు 33 యూనిట్లు. ఫ్యూయల్ సెల్ అందులో సగం తిరిగి ఇస్తే పదహారు, పదిహేడు యూనిట్లు. యాభై పెట్టి పదిహేడు. అదే మంచి బ్యాటరీలో వంద పెడితే ఎనభై పైచిలుకు తిరిగి వస్తుంది. కనుక మన స్కూటర్లకు, ఆటోలకు బ్యాటరీయే మేలు. ఇందులో దాపరికం లేదు. మరి హైడ్రోజన్ ఎక్కడ కావాలి? బ్యాటరీ చేయలేని చోట. యూరియాకు మూలమైన అమ్మోనియా హైడ్రోజన్ లేనిదే తయారు కాదు. ఉక్కు చేయడంలో బొగ్గు స్థానంలో దానిని వాడవచ్చు. ఎక్కువ రోజులు నిలవ ఉంచవలసిన శక్తికి, బరువైన దూర ప్రయాణాలకు ఉపయోగం. పై లెక్కలో పోయిన ముప్ఫై మూడు యూనిట్లలో ఎంత తిరిగి సంపాదించగలం అన్నది చాలావరకు రెండు చివరలా ఉన్న ఉత్ప్రేరకాల చేతిలో ఉన్నది. యూరియా బస్తా ధర రైతుకు తెలుసు. ఆ బస్తాకూ, లాబొరేటరీలో గ్లాసు పట్టుకు కూర్చున్న అమ్మాయికీ ఉన్న బంధుత్వం ఇదీ.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు తీయాలని లక్ష్యం. 2025 జనవరి 8న మన విశాఖపట్నం దగ్గర పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. పునాది రాయి వేయడం ఒక రోజు పని. లోపల తిరిగే యంత్రంలోని లోహపు పొడి మనవాళ్లు చేసినదా, దిగుమతి చేసుకున్నదా అన్నది చాలా ఏళ్ల పని. ఆ పని చేసే చోట్లు మనకు ఉన్నాయి. తమిళనాడులో కారైకుడి విద్యుత్ రసాయన పరిశోధనా సంస్థ ఉన్నది. దానికి అళగప్ప చెట్టియార్ అనే దాత 300 ఎకరాల భూమి, 15 లక్షల రూపాయలు ఇవ్వగా, 1948లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు, 1953లో అది ప్రారంభమైంది. హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఎ.ఆర్.సి.ఐ. వారి ఫ్యూయల్ సెల్ విభాగం మద్రాసులో, అదే నేటి చెన్నైలో పనిచేస్తున్నది. ఇక్కడ చేరేందుకు ఎవరి సిఫారసూ అక్కరలేదు. కెమిస్ట్రీ, ఫిజిక్సులో గట్టి పునాది, పరీక్షలు దాటే ఓపిక కావాలి.

మెకానిక్ సోదరా, ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు చెబుతాము. మీ బిడ్డ కెమిస్ట్రీ చదివి రేపే కారు కొంటుందని మేము చెప్పము. ఈ దారిలో డబ్బు ఆలస్యంగా వస్తుంది, పేరు ఇంకా ఆలస్యంగా వస్తుంది, కొందరికి రానే రాదు. చదువు మధ్యలో పెళ్లి మాట వస్తుంది, ఇంట్లో ఇబ్బంది వస్తుంది. అవన్నీ మీకు తెలుసు. కాని బేకన్‌కు తోడుగా లేత్ మీద ముక్కలు కోసినవాళ్లు, వెల్డింగు చేసినవాళ్లు ఉన్నారు. ఇటువంటి లాబొరేటరీలో మీ బిడ్డకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేనిది ఒకటి ఉన్నది. ముల్లు ఎందుకు దిగింది అని వెతకడం. బండి స్టార్టు కాకపోతే మీరు ప్లగ్గు చూస్తారు, పాయింట్లు చూస్తారు, పెట్రోలు వస్తున్నదా చూస్తారు. ఒక్కొక్కటి తీసేసి చూస్తారు. సీసాలో ఇనుమును పట్టుకున్నవాళ్లు చేసింది కూడా అదే. ఆ బుద్ధి ఆమెకు మీ షాపులోనే అబ్బింది. మీరు పెట్టే ఫీజు దానికి పదును పెట్టడానికే.

మేము సంఘానికి ఒక్క మనవి చేసి ముగిస్తాము. మన స్కాలర్‌షిప్పులు ఇంటర్ తోనో, డిగ్రీ మొదటి సంవత్సరంతోనో ఆగిపోతున్నాయి. ఎమ్మెస్సీ, పరిశోధన దాకా వెళ్లదలచిన ఒకరిద్దరికైనా, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఐదారు సంవత్సరాలు విడవకుండా చేయూత ఇచ్చే పద్ధతి ఈ ఏడాది నుంచి పెట్టండి. ఇరవై మందికి ఒకసారి ఇచ్చే సహాయం మంచిదే. ఒకరికి చివరిదాకా ఇచ్చేది ఇంకొక రకం మంచిది, రెండూ ఉండాలి. మా వంతుగా ప్రతి ఆదివారం సాయంత్రం ఈ హాలులోనే డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాము. ఫీజు లేదు. గ్లాసులు, పెన్సిళ్లు మేమే తెస్తాము. మీటరు మాత్రం మెకానిక్ సోదరులదే, పని లేని వేళ పంపిస్తామన్నారు.